128 చాలా, 256 కావాలా?

34,900. 44,900. 64,900.

2025 మార్చిలో వచ్చిన మామూలు ఐప్యాడ్ వైఫై మోడల్‌కు యాపిల్ మన దేశంలో పెట్టిన ధరలివి. తెర ఒకటే, చిప్ ఒకటే, కెమెరా ఒకటే, బ్యాటరీ ఒకటే. తేడా అంతా లోపలి స్టోరేజ్‌లోనే: 128 జీబీ, 256 జీబీ, 512 జీబీ. మొదటి మెట్టు ఎక్కితే అదనంగా వచ్చే 128 జీబీకి పది వేలు. రెండో మెట్టు ఎక్కితే అదనంగా వచ్చే 256 జీబీకి ఇరవై వేలు. భాగించి చూస్తే రెండు చోట్లా జీబీకి 78 రూపాయలే తేలుతుంది. టోకున కొన్నా చిల్లర రేటే అన్నమాట.

అమెరికాలో ఇదే ఐప్యాడ్ 349, 449, 649 డాలర్లు. అక్కడ జీబీకి 78 సెంట్లు. మన 78 రూపాయల్లో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది, వాళ్ల 78 సెంట్ల మీద చాలా రాష్ట్రాల్లో అమ్మకం పన్ను విడిగా పడుతుంది. డాలస్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసే ముందు ఆ లెక్క కూడా వేసుకోండి.

మొదట్లో ఇలా ఉండేది కాదు. 2010లో తొలి ఐప్యాడ్ 16 జీబీ 499 డాలర్లు, 32 జీబీ 599, 64 జీబీ 699. మెట్టుకు వంద డాలర్లే అయినా రెండో మెట్టులో మొదటిదానికి రెట్టింపు జీబీలు వచ్చేవి. పెద్దది కొన్నవాడికి ఎంతో కొంత గిట్టుబాటు. ఆ మరుసటి ఏడు, 2011 అక్టోబరులో, కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం విడుదల చేసిన చవక ట్యాబ్ ‘ఆకాశ్’లో అయితే స్టోరేజ్ 2 జీబీ, పైన 2 జీబీ కార్డు. హైదరాబాద్‌లో బిగించిన ట్యాబ్ అది. ఇవాళ ఒక్క పెద్ద గేమ్‌కు పట్టే చోటులో అలాంటి ట్యాబ్‌లు పది ఇమిడిపోతాయి.

ఆ 78 రూపాయలను మెమరీ కార్డు ధర పక్కన పెట్టి చూద్దాం. మంచి కంపెనీ 128 జీబీ కార్డు వెయ్యి రూపాయలకు దొరికితే జీబీకి 8 రూపాయలు. ధరలు మండి రెండు వేలైందనుకున్నా 16 రూపాయలు దాటదు. లోపలి స్టోరేజ్ కార్డు కంటే చాలా వేగమైనది, ఎక్కువ నమ్మదగినది, ఒప్పుకోవాల్సిందే. అయినా అయిదు రెట్ల తేడా ఆ వేగం వల్లే వచ్చిందని నేననుకోను. అమ్మేవాడికి ట్యాబ్ మీద కంటే ఈ మెట్ల మీద మిగిలేది ఎక్కువని నా అంచనా. అందుకే షాపులో కుర్రాడు “ఇంకో పది వేలు పెట్టండి సార్, ఫ్యూచర్‌లో ఇబ్బంది ఉండదు” అంటాడు. ఆ ఫ్యూచర్ ఎన్ని నెలలో మనమే లెక్క కట్టుకోవచ్చు. పెద్ద గణితం ఏమీ అక్కర్లేదు.

పెట్టె మీది అంకె, చేతికొచ్చే అంకె

ఫ్లాట్ కొన్నవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బ్రోచర్‌లో 1,500 చదరపు అడుగులు, లోపల టేపు పెట్టి కొలిస్తే కార్పెట్ ఏరియా వెయ్యి చిల్లర. స్టోరేజ్‌లోనూ అంతే, కాకపోతే ఇక్కడ కోత రెండు రకాలు.

మొదటిది ఉత్తుత్తి కోత. కంపెనీలకు ఒక జీబీ అంటే సరిగ్గా వంద కోట్ల బైట్లు. విండోస్‌కు మాత్రం 1,073,741,824 బైట్లు అయితేనే ఒక జీబీ. అందుకే విండోస్ ట్యాబ్‌లో 64 కాస్తా 59.6గా, 128 కాస్తా 119.2గా, 256 కాస్తా 238.4గా కనిపిస్తాయి. పోయిందేమీ లేదు, కొలిచే గిన్నె మారింది. ఐప్యాడ్‌లు, ఇప్పటి ఆండ్రాయిడ్‌లు చాలావరకు కంపెనీ లెక్కనే చూపిస్తాయి కాబట్టి వాటిలో ఈ గందరగోళం తక్కువ.

రెండోది నిజమైన కోత. ఆపరేటింగ్ సిస్టమ్, దాంతోపాటు వచ్చే యాప్‌లు, అప్‌డేట్ కోసం దాచి ఉంచే చోటు, ఇవన్నీ మన డబ్బుతో కొన్న స్థలంలోనే కూర్చుంటాయి. ఐప్యాడ్‌లో ఇది పది జీబీకి అటూ ఇటూ మొదలవుతుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో కంపెనీ సొంత హంగులు కలిపి 20 జీబీ దాకా, కొన్నింటిలో ఇంకా పైకి పోతుంది.

ఈ విషయంలో అందరికంటే ఎక్కువ నవ్వులపాలైంది మైక్రోసాఫ్ట్. 2013లో సర్ఫేస్ ప్రో అమ్మకానికి రాకముందే ఆ కంపెనీయే చెప్పిన లెక్క: 64 జీబీ మోడల్‌లో వాడుకోవడానికి మిగిలేది 23 జీబీ, 128 జీబీ మోడల్‌లో 83 జీబీ. మొదటి దానిలో 41 పోయింది, రెండో దానిలో 45. కోత దాదాపు సమానమే. కానీ చిన్న మోడల్ కొన్నవాడు మూడింట రెండు వంతులు పోగొట్టుకున్నాడు, పెద్దది కొన్నవాడు మూడింట ఒక వంతు.

ఇక్కడో మాట గట్టిగా పట్టుకోవాలి. సిస్టమ్ మింగేది శాతంలో కాదు, ముద్దలో. కాబట్టి దెబ్బ ఎప్పుడూ చిన్న మోడల్‌కే.

దీనికి ఇంకో చిన్న కోత కలపండి. ట్యాబ్‌లో ఉండే ఫ్లాష్ మెమరీ రాసేటప్పుడు చిన్న చిన్న పేజీలుగా రాస్తుంది, చెరిపేటప్పుడు మాత్రం పెద్ద పెద్ద బ్లాకులుగానే చెరపగలదు. ఒక బ్లాకులో సగం పనికొచ్చే డేటా, సగం చెత్త ఉంటే, పనికొచ్చేదాన్ని ముందు వేరే చోటికి జరిపి, ఆ తర్వాతే బ్లాకు చెరపాలి. జరపడానికి ఖాళీ ఉండాలి. అంచుల దాకా నింపిన ట్యాబ్ నత్తనడక నడిచేది ఇందుకే. పది శాతం ఎప్పుడూ ముట్టుకోకుండా వదిలేయడం మంచిది.

ఇప్పుడు లెక్క. ఒక ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో సిస్టమ్‌కు 20 జీబీ, ఊపిరాడటానికి పది శాతం తీసేద్దాం. 64లో మిగిలేది 38 జీబీ. 128లో 95. 256లో 210. పెట్టె మీద 64 నుంచి 128 రెట్టింపే, చేతిలో మాత్రం రెండున్నర రెట్లు. 64 జీబీ ట్యాబ్ చవక అనుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క చూస్తే చాలు. ఈ కథనంలో ఇక మీదట 38, 95, 210 అనే అంకెలతోనే మాట్లాడుకుందాం. 64, 128, 256 అనేవి పెట్టె మీది ముచ్చట.

పైగా సిస్టమ్ ఏటేటా లావెక్కుతుంది. 2014లో ఐఓఎస్ 8 వచ్చినప్పుడు దాన్ని నేరుగా దించుకోవడానికి 4.6 జీబీ ఖాళీ కావాల్సి వచ్చింది. 16 జీబీ మోడల్ వాళ్లు ఫొటోలు చెరుపుకుని అప్‌డేట్ చేసుకున్నారు. మరుసటి ఏడు యాపిల్ దాన్ని 1.3 జీబీకి కుదించింది. 2020లో వచ్చిన ఎనిమిదో తరం ఐప్యాడ్ ప్రారంభ మోడల్ 32 జీబీ. దానికి 2025లో ఐప్యాడ్ ఓఎస్ 26 కూడా వచ్చింది. చిప్ తట్టుకుంటోంది, చోటే చాలడం లేదు. సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్10కు ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తానంటోంది. ట్యాబ్‌ను అన్నేళ్లు వాడేవాళ్లు ఈ 20ని 30 అనుకుని లెక్క వేసుకుంటే తర్వాత బాధపడరు.

గంటకు ఎంత

వీడియో బరువు తేల్చడానికి ఒక సూత్రం ఉంది. వీడియో వేగం ఎన్ని ఎంబీపీఎస్ అన్నది తెలిస్తే, ఆ అంకెను సగం చేసి, వచ్చినదానిలో పదో వంతు తీసేయండి. గంటకు ఎన్ని జీబీలో వచ్చేస్తుంది. 5 ఎంబీపీఎస్ అయితే సగం రెండున్నర, పదో వంతు తీస్తే 2.25 జీబీ. సెకనుకు బిట్లలో కొలుస్తారు, మనం బైట్లలో దాచుకుంటాం, బైటుకు ఎనిమిది బిట్లు, గంటకు 3,600 సెకన్లు. సూత్రం వెనుక ఉన్నదంతా ఇదే.

నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం మామూలు నాణ్యతలో గంటకు ఒక జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా ఖర్చవుతుంది. రెండు గంటల నలభై నిమిషాల తెలుగు సినిమా హెచ్‌డీలో అయితే గరిష్ఠంగా 8 జీబీ. మామూలు నాణ్యతలో మూడు జీబీ లోపు. రైలు ప్రయాణానికి రెండు సినిమాలు దించుకోవడానికి ఏ ట్యాబైనా సరిపోతుంది. పైగా ఓటీటీలో దించుకున్నది మన సొత్తు కాదు. కొన్ని వీడియోలు చూడటం మొదలుపెట్టిన 48 గంటల్లో వాటంతటవే కాలం చెల్లిపోతాయి. ఓటీటీ కోసం ఎవరైనా 256 కొంటున్నానంటే, వద్దని చెప్పండి.

పాఠాల వీడియోలు ఇంకా తేలిక. బోర్డు కదలదు, వెనుక గోడ కదలదు, మాస్టారి చెయ్యి కదులుతుంది. కదలిక తక్కువైతే కుదింపు బాగా పనిచేస్తుంది. మధ్యరకం నాణ్యతలో గంట పాఠం 300 ఎంబీ దగ్గర సర్దుకుంటుంది, స్పష్టత పెంచితే 600.

పాటలు: 128 కేబీపీఎస్‌లో నిమిషానికి ఒక ఎంబీ అనుకోండి. నాలుగు నిమిషాల పాటలు వెయ్యి పెట్టుకున్నా 4 జీబీ దాటదు. 320లో అయితే పది జీబీ లోపు. ఘంటసాల నుంచి తమన్ దాకా ఇంటిల్లిపాదీ వినే పాటలన్నీ ఒక మూలన పడి ఉంటాయి.

పుస్తకాల సంగతి కాస్త ఆగి చూడాల్సిందే, మనకు సంబంధించిన ముచ్చట కాబట్టి. కంప్యూటర్లలో సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ పడితే, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. అచ్చు ఒక గుర్తు, హల్లు ఒకటి, గుణింతం ఒకటి, వత్తు రావడానికి నడుమ వచ్చే పొల్లు ఇంకొకటి. “స్త్రీ” అని ఒక్క అక్షరంలా రాస్తాం, లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు. అయినా భయపడనక్కర్లేదు. పేజీకి 1,500 గుర్తుల చొప్పున వెయ్యి పేజీల తెలుగు పుస్తకం మొత్తం నాలుగున్నర ఎంబీ. జీబీలో రెండొందలకు పైగా పడతాయి. అదే పుస్తకాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్ చేస్తే పేజీ ఒక బొమ్మ. పేజీకి 100 కేబీ వేసుకున్నా వెయ్యి పేజీలకు 100 ఎంబీ, జీబీలో పదే. పాత తెలుగు పుస్తకాలు మనకు దొరికేది ఎక్కువగా స్కాన్ల రూపంలోనే. అలాంటివి ఐదొందలు పోగేసినా 50 జీబీ. సాహిత్యం మీద పరిశోధన చేసేవాళ్లు ట్యాబ్ నింపగలరంటే ఆశ్చర్యం లేదు, నింపేది అక్షరాలు కావు, కాగితం మరకలు.

బొమ్మలు గీసేవాళ్ల సంగతి వేరు. నిలువూ అడ్డం 4,096 పిక్సెళ్ల కాన్వాస్ మీద ఒక్క పొరకు, కుదించకముందు, 67 ఎంబీ. ఇరవై పొరలు వేస్తే 1.3 జీబీ దాటుతుంది. ఫైలుగా దాచినప్పుడు తగ్గుతుంది కానీ, గీసిన తీరంతా యాప్ వీడియోగా రికార్డు చేస్తుంటే అదీ పక్కన చేరుతుంది. గేమ్‌లలో గెన్‌షిన్ ఇంపాక్ట్ లాంటిది ఒక్కటే 20 జీబీ మించి తింటుంది. అలాంటివి మూడు పెట్టుకునే కుర్రాడికి 95లో సగానికి పైగా పోయినట్టే.

ఉండేది, వచ్చిపోయేది, పెరిగేది

ఇన్ని అంకెలూ కూడేసి “నాకు మొత్తం 180 జీబీ కావాలి” అనుకోవడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. ట్యాబ్‌లో ఉండే సరుకు మూడు రకాలు. యాప్‌లు, గేమ్‌లు ఒకసారి పెడితే అక్కడే ఉంటాయి. సినిమాలు, పాఠాలు వస్తాయి, చూస్తాం, పోతాయి. ఫొటోలు, మనం తీసిన వీడియోలు, నోట్సులు, వాట్సాప్ సరంజామా మాత్రం నెలనెలా పెరుగుతూనే ఉంటాయి. మొదటి రెండింటికీ ఒక హద్దు ఉంది. మూడోదానికి లేదు. కొనాల్సిన సైజును తేల్చేది ఆ మూడోదే.

నీట్‌కో గ్రూప్-1కో చదివే విద్యార్థిని తీసుకుందాం. కోర్సులో 400 గంటల వీడియో పాఠాలు. గంటకు 300 ఎంబీ చొప్పున మొత్తం 120 జీబీ. చూడగానే 256 కొనాలనిపిస్తుంది. కానీ 400 గంటలూ ఒకేసారి ఎవరు చూస్తారు? వారానికి 20 గంటల పాఠాలు దించుకుని, చూసి, చెరిపేస్తే ఏ రోజైనా ట్యాబ్‌లో ఉండేది 6 జీబీ. మళ్లీ చూడాల్సినవి ఇంకో 20 గంటలు అట్టిపెట్టుకున్నా 12. ఈ పిల్లవాడికి 95 కాదు, కార్డు పడే ట్యాబ్ అయితే 38 కూడా నడుస్తుంది.

అయితే ఈ లెక్క ఇంట్లో నెట్ సరిగా వచ్చేవాళ్లకు. రోజుకు 1.5 జీబీ డేటా ప్యాక్ మీద నడిచే ఇంట్లో 120 జీబీ దించుకోవడానికి, ఆ డేటాతో ఇంకే పనీ చేయకపోయినా, 80 రోజులు పడుతుంది. నెట్ ఆగి ఆగి వచ్చే ఊళ్లో “వచ్చిపోయేది” కాస్తా “ఉండేది”గా మారిపోతుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచినప్పుడు పాఠాలను ముందే వాటిలోకి ఎక్కించి ఇచ్చింది, నెట్ లేకపోయినా నడవాలని. కాబట్టి మొదట అడగాల్సింది “ఎన్ని జీబీ” అని కాదు, “మా ఇంట్లో నెట్ ఎంత నమ్మకం” అని.

రెండో మనిషి, అమ్మమ్మ. ట్యాబ్ కొనిచ్చింది మనవరాలి ముఖం చూడటానికి, భక్తి పాటలు వినడానికి. గేమ్‌లు లేవు, సినిమాలు లేవు. ఇలాంటి ట్యాబ్‌కు 64 దండగేమో అనిపిస్తుంది కదా? నాలుగైదు వాట్సాప్ గ్రూపుల నుంచి రోజుకు 40 ఫొటోలు, ఒక్కోటి 0.2 ఎంబీ. పది వీడియోలు, ఒక్కోటి 8 ఎంబీ. రోజుకు 88 ఎంబీ, నెలకు 2.6 జీబీ. యాప్‌లకు పది జీబీ తీసేస్తే 64 మోడల్‌లో మిగిలే 28 జీబీ పదిన్నర నెలల్లో నిండుతుంది. 128 మోడల్‌లో 85 జీబీ రెండేళ్ల ఎనిమిది నెలలు. 256లో ఆరేళ్లకు పైనే. ఇంట్లో అందరికంటే తక్కువ వాడే మనిషి ట్యాబే అందరికంటే ముందు నిండుతుంది.

దీనికి మందు పది వేల మెట్టు కాదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో మీడియా దానంతటదే దిగడం ఆపేయడమే. ఆపిన రోజు నుంచి అమ్మమ్మ నొక్కినవే దిగుతాయి, పెరుగుదల పదో వంతుకు పడిపోవచ్చు. శుభోదయం బొమ్మలకు జీబీకి 78 రూపాయలు కట్టడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

మూడో మనిషి, నెలనెలా నిజంగానే పెంచుకునేవాళ్లు. కూచిపూడి నేర్పే టీచరమ్మ క్లాసులను ఐప్యాడ్‌తో రికార్డు చేస్తుందనుకుందాం. యాపిల్ చెప్పే లెక్కలో 1080పీ వీడియో, సెకనుకు 30 ఫ్రేములు, నిమిషానికి 60 ఎంబీ, గంటకు 3.6 జీబీ. అదే 4కేలో నిమిషానికి 170 ఎంబీ, గంటకు పది జీబీ పైన. వారానికి నాలుగు గంటలు 1080పీలో తీసినా నెలకు 62 జీబీ. 512 జీబీ ఐప్యాడ్ కొన్నా పదో వంతు ఖాళీ, సిస్టమ్ వాటా పోను 440 చిల్లర, ఏడు నెలల్లో సరి. ఇక్కడ పెద్ద ట్యాబ్ సమస్యను తీర్చదు, వాయిదా వేస్తుంది. ఆమెకు కావాల్సింది వారం వారం బయటి డ్రైవ్‌లోకి దించేసే అలవాటు, ఆ వారం రోజుల సరుకు హాయిగా పట్టే 256.

మీ పెరుగుదల ఎంతో తెలుసుకోవడానికి ఊహలు అక్కర్లేదు. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్‌లోనో పాత ట్యాబ్‌లోనో స్టోరేజ్ పేజీ తెరిచి ఫొటోలు, వీడియోలు, వాట్సాప్ ఎంత ఉన్నాయో కలపండి. ఎన్ని నెలలుగా వాడుతున్నారో దాంతో భాగించండి. చాలా ఇళ్లలో ఫొటోలు తీసేది ఫోన్‌తోనే, ట్యాబ్‌తో కాదు కాబట్టి, ట్యాబ్ వాటాకు ఆ అంకెలో సగం కూడా రాదు.

కార్డూ, మబ్బూ

కార్డు స్లాట్ ఉంటే సగం చింత తీరినట్టే, కానీ సగమే. సామ్‌సంగ్ ట్యాబ్ ఎ9, ఎ9 ప్లస్, ఎస్9 లాంటివాటిలో, రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈలో స్లాట్ ఉంది, 1 టీబీ దాకా తీసుకుంటాయి. ఏ ఐప్యాడ్‌లోనూ లేదు, వన్‌ప్లస్ ప్యాడ్‌లో లేదు. కార్డులోకి సినిమాలు, పాటలు, పీడీఎఫ్‌లు, ఫొటోలు పోతాయి. ఆండ్రాయిడ్‌లో నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ డౌన్‌లోడ్లను కూడా కార్డులోకి మళ్లించుకోవచ్చు. యాప్‌లు, గేమ్‌లు మాత్రం చాలావరకు లోపలే ఉండాలి. కార్డును లోపలి స్టోరేజ్‌లో కలిపేసే ఏర్పాటు 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది కానీ, అన్ని కంపెనీలూ దాన్ని ఇవ్వలేదు. అందుకే గేమ్‌లు ఆడేవాళ్లకు కార్డు ఆసరా కాదు.

కొనేటప్పుడు కార్డు మీద ఏ1 అన్న గుర్తు చూడండి. సెకనుకు కనీసం 1,500 చదువులు, 500 రాతలు చేయగలదని దాని అర్థం. 512 జీబీ మూడొందలకు వస్తోందంటే అందులో 512 ఉండదు. 512 అని చెప్పుకునే చిన్న చిప్ ఉంటుంది. అది నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడి రెండూ పాడవుతాయి. అసలు సైజు తేల్చే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి, కొన్న రోజే ఒకసారి మొత్తం నింపి చూసుకోవడం మేలు.

క్లౌడ్ విషయానికొస్తే, గూగుల్ 15 జీబీ, యాపిల్ 5 జీబీ ఉచితంగా ఇస్తాయి. గూగుల్ ఫొటోస్‌లో హద్దుల్లేని ఉచితం 2021 జూన్ 1తో అయిపోయింది. గూగుల్‌లో 100 జీబీ ఏడాదికి 1,300 రూపాయలు, అయిదేళ్లకు 6,500. ఐక్లౌడ్‌లో 200 జీబీ నెలకు 219, అయిదేళ్లకు 13,140. ఐప్యాడ్‌లో 128 జీబీ మెట్టు పది వేలు. డబ్బు లెక్కలో మరీ దూరం కాదు. పనిలో మాత్రం రెండూ వేర్వేరు. క్లౌడ్‌లో ఉన్నది ట్యాబ్ పగిలినా మిగులుతుంది, లోపలి స్టోరేజ్‌లో ఉన్నది నెట్ పోయినా తెరుచుకుంటుంది. ఫొటోలకు మొదటిది మేలు. పెరిగే సరుకులో ఎక్కువ భాగం ఫొటోలే అయితే ఆ పది వేలు అక్కడ పెట్టడమే నయం. మిగతావాటికి కాదు.

జీబీతోపాటు అంటించి అమ్మేవి

కొన్నిసార్లు పెద్ద స్టోరేజ్ కొనేది స్టోరేజ్ కోసం కాదు. గెలాక్సీ ట్యాబ్ ఎస్9లో 128 జీబీకి 8 జీబీ ర్యామ్, 256కు 12 జీబీ ర్యామ్. 2024 ఐప్యాడ్ ప్రోలో 256, 512 మోడళ్లకు 8 జీబీ ర్యామ్, 1 టీబీ, 2 టీబీ మోడళ్లకు 16 జీబీ ర్యామ్, ప్రాసెసర్‌లో ఒక కోర్ అదనం. ఇలాంటిచోట ధర తేడా మొత్తాన్ని జీబీల మీద వేసి భాగిస్తే లెక్క తప్పుతుంది. ర్యామ్ తర్వాత పెంచుకోలేం, స్టోరేజ్‌కు ఏదో ఒక దారి దొరుకుతుంది. 4 జీబీ ర్యామ్, 64 స్టోరేజ్ ఒకటి, 8 జీబీ ర్యామ్, 128 స్టోరేజ్ ఒకటి ఎదురుగా ఉంటే రెండోదే తీసుకోండి, మీకు 38 జీబీ చాలినా సరే.

చవక ట్యాబ్‌లలో స్టోరేజ్ నుంచి కొంత అరువు తెచ్చి ర్యామ్‌గా చూపించే ఏర్పాటు ఉంటుంది. “8 ప్లస్ 8, మొత్తం 16 జీబీ ర్యామ్” అని పెట్టె మీద రాసేది దాన్నే. ఆ రెండో 8 మీ స్టోరేజ్‌లోంచి పోతుంది. 64 జీబీ ట్యాబ్‌లో అది ఆన్‌లో ఉంటే 38 కాస్తా 30. ఆఫ్ చేసే వీలుంటే చేసేయండి.

నా తీర్పు చెప్పాలంటే, 64 ఇక కొనకండి. బడ్జెట్ అంతకుమించి సాగకపోతే, స్లాట్ ఉంటేనే, ఒకే పనికి వాడుకునేట్టయితేనే. స్లాట్ ఉన్న 128తో పదిళ్లలో ఎనిమిదిళ్లకు సరిపోతుందని నా అనుభవం. స్లాట్ లేని ట్యాబ్‌ను అయిదేళ్ల పైన వాడాలనుకునేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, పెద్ద గేమ్‌లు ఆడేవాళ్లు 256కు వెళ్లవచ్చు, పెట్టిన డబ్బు వృథా కాదు. 512, ఆ పైన, ట్యాబ్ మీద సంపాదించేవాళ్లకు. వాళ్లకు ఈ కథనంతో పని ఉండదు.

స్లాట్ లేని ట్యాబ్‌కూ టైప్-సీ పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చు. ఐప్యాడ్‌లు 2019లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచి బయటి డ్రైవ్‌లను ఫైల్స్ యాప్‌లో తెరుస్తున్నాయి. కాకపోతే మొదట్లో ధరలు చెప్పుకున్న ఆ మామూలు ఐప్యాడ్‌లో టైప్-సీ రంధ్రం ఉన్నా, దాని వేగం యూఎస్‌బీ 2 వేగమే, 480 ఎంబీపీఎస్. అంటే సెకనుకు 60 ఎంబీ మించదు, కాగితం మీద కూడా. టీచరమ్మ నెల వీడియోలు 62 జీబీ బయటికి దించడానికి, అంతా సవ్యంగా జరిగినా, 17 నిమిషాలు. వాస్తవంలో అరగంట వేసుకోండి. వేగంగా దించుకోవాలంటే 64,900 మోడల్ కొన్నా లాభం లేదు, మూడింటికీ రంధ్రం ఒకటే. ఆ డబ్బుకు ఎయిర్ మోడల్ చూడటం మేలు.